స్కానర్‌లో పోలీస్ చానెల్ మూగబోయిందా? ఎన్‌క్రిప్షనో కాదో ఇలా తేల్చుకోండి

అమెరికాలో స్కానర్ (పోలీస్, ఫైర్ వాళ్ళ రేడియో మాటలు వినే పరికరం) వాడేవాళ్ళకి ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. నిన్నటిదాకా చక్కగా వినబడ్డ పోలీస్ డిస్పాచ్ పొద్దున్నే ఆన్ చేస్తే చప్పుడు లేదు. డెన్వర్ పోలీసులు 2019లోనే ఎన్‌క్రిప్షన్‌కి, అంటే బయటివాళ్ళకి అర్థం కాకుండా మాటల్ని రహస్య కీతో దాచేయడానికి, మారిపోయారు, న్యూయార్క్ పోలీసులు 2023లో బ్రూక్లిన్‌లో మొదలుపెట్టారు, ఇంకా చాలాచోట్ల అదే దారి. అందుకే ముందే చెప్పేస్తున్నా, పీ25 (అక్కడి పోలీసులు వాడే డిజిటల్ రేడియో పద్ధతి) ఎన్‌క్రిప్షన్‌ని విప్పే స్కానర్ బయట అమ్మకానికి లేదు, ఎంత ఖరీదు పెట్టినా సరే. ఫర్మ్‌వేర్ మార్చి వినబడేలా చేస్తాం అని ఎవరైనా అంటే దయచేసి రూపాయి కూడా ఇవ్వొద్దు.

ఎందుకు విప్పడం కుదరదంటే, పీ25లో మాట్లాడిన మాట 20 మిల్లీసెకన్ల ముక్కలుగా బిట్స్ అయిపోతుంది, ఆ బిట్స్‌ని ఒక రహస్య కీతో కలిపేసి అప్పుడు గాల్లోకి వదుల్తారు. ఏఈఎస్-256 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో ఎన్ని కీలు సాధ్యమో రాయాలంటే 78 అంకెల సంఖ్య అవుతుంది, ఇంక ఒక్కోటీ పెట్టి చూడ్డం అనే మాటే లేదు.

కానీ స్కానర్‌కి అది ఎన్‌క్రిప్టెడ్ అని మాత్రం తెలుస్తుంది, ఇక్కడే మనకి పని జరుగుతుంది. కొన్ని ఫ్రీక్వెన్సీల్నే అందరూ పంచుకునే ట్రంకింగ్ సిస్టంలో, ఎవరు ఎక్కడ మాట్లాడాలో చెప్పే కంట్రోల్ చానెల్ ఫలానా టాక్‌గ్రూప్ (కలిసి మాట్లాడుకునే ఒక బృందం) ఫలానా ఫ్రీక్వెన్సీకి వెళ్ళింది అని చెప్పేటప్పుడే ఎన్‌క్రిప్షన్ ఉందా లేదా అన్న బిట్ కూడా పంపిస్తుంది. వాయిస్‌తో పాటు అల్గారిథం నంబర్ కూడా వస్తుంది. పీ25 సిగ్నల్‌ని కంప్యూటర్లో చదివే ఓపీ25 లాంటి సాఫ్ట్‌వేర్‌లో చూస్తే 80 అంటే మామూలు మాట, 84 అంటే ఏఈఎస్-256, 81 అంటే డీఈఎస్ అనే పాత ఎన్‌క్రిప్షన్, ఏఏ అంటే ఏడీపీ అనే తేలికపాటి ఎన్‌క్రిప్షన్. ఈ ఏడీపీ కీ 40 బిట్లే కదా అని ఆశపడకండి, ఎన్‌క్రిప్ట్ చేసిన మాటల్ని విప్పి వినడం 1986 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే, బలహీనమైన లాక్ అయినా లాకే.

ఇప్పుడు అసలు పని. టాక్‌గ్రూప్ నంబర్ స్క్రీన్ మీదకి వచ్చి పక్కన ఈఎన్‌సీ అని పడి, మాట రాకపోతే అది ఎన్‌క్రిప్షనే. నేను ఇది తెలియక వారం రోజులు యాంటెన్నా అటూ ఇటూ మార్చుకుంటూ కూర్చున్నా, చూడాల్సిందేమో స్క్రీన్ మీద ఆ మూడు అక్షరాలు. ఎక్కడ ఏ చానెల్స్ ఉన్నాయో చెప్పే రేడియోరిఫరెన్స్ వెబ్‌సైట్ డేటాబేస్‌లో కూడా చూడండి, మోడ్ దగ్గర డి తర్వాత ఇంగ్లిష్ పెద్ద ఈ ఉంటే ఎప్పుడూ ఎన్‌క్రిప్టెడ్, చిన్న ఈ ఉంటే అప్పుడప్పుడూ మాత్రమే.

మాట వస్తూ రోబోలా ముక్కలు ముక్కలుగా తెగుతుంటే అది ఎన్‌క్రిప్షన్ కాకపోవచ్చు, ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు మూడు టవర్లు ఒకేసారి పంపే సిమల్‌కాస్ట్ సమస్య అయ్యుంటుంది. ఒక్క టవర్ వైపే తిరిగేలా డైరెక్షనల్ యాంటెన్నా పెట్టి చూడండి, 2018లో వచ్చిన యూనిడెన్ ఎస్‌డీఎస్100 దీన్ని బాగా తట్టుకుంటుంది. సిస్టం పీ25లో కొత్త రకమైన ఫేజ్ టూకి మారి మీది పాత ఫేజ్ వన్ మాత్రమే వినగలిగే స్కానర్ అయినా వాయిస్ రాదు, చాలామంది దీన్నే ఎన్‌క్రిప్షన్ అనుకుని స్కానర్ అమ్మేస్తారు, అదే బాధ.

నిజంగా ఎన్‌క్రిప్టెడ్ అని తేలితే ఆ టాక్‌గ్రూప్‌ని అవాయిడ్ చేసేయండి, అంటే స్కానర్ దాన్ని వదిలేసి ముందుకి పోయేలా పెట్టండి. యూనిడెన్‌లో అవాయిడ్ బటన్ ఒకసారి నొక్కితే తాత్కాలికం, వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే శాశ్వతం. లేకపోతే స్కానర్ ఆ మూగ చానెల్ దగ్గర ఆగుతూ ఉంటే ఈలోపు పక్క చానెల్లో మాటలు పోతాయి. చిన్న ఈ ఉన్నవాటిని మాత్రం శాశ్వతంగా తీసేయకండి, వాటిలో మామూలు మాటలు కూడా వస్తాయి. ఫైర్, అంబులెన్స్ చానెల్స్ చాలా కౌంటీల్లో ఇంకా తెరిచే ఉన్నాయి, వాటిని ముందు వరసలో పెట్టుకోండి. పెద్ద ప్రమాదం జరిగినప్పుడు పోలీసులు ఎక్కడికి వెళ్తున్నారో, ఏ రోడ్డు మూసేశారో ఫైర్ వాళ్ళ మాటల్లోనే చాలావరకు తెలిసిపోతుంది.