స్లాలం వాటర్ స్కీయింగ్‌లో మెరుగుపడటం ఎలా? బోటు, తాడు, స్కీ అమరిక నుంచి మలుపుల సాధన దాకా

ఒంటి స్కీ మీద నీటి నుంచి లేచి, బోటు వెనుక అలలను అటూ ఇటూ దాటగలిగిన తరువాత చాలామంది ఎదుగుదల ఒకచోట ఆగిపోతుంది. ఇంకా గట్టిగా లాగాలనో, ఖరీదైన స్కీ కొనాలనో అనుకుంటారు గానీ, అసలు కారణం చాలాసార్లు బోటు వేగం నిలకడగా లేకపోవడంలోనో, తాడు పొడవు ఎంతో తెలియకపోవడంలోనో, నిలబడే తీరులోనో ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో ముందు నీటిని, బోటును సరిచేసుకుని, తరువాత పరికరాలను, ఆ పైన శరీరాన్ని సరిచేసుకునే క్రమాన్ని అనుసరిస్తున్నాను. చెన్నైలో ఉంటూ తూర్పు తీర రహదారి వెంబడి ఉన్న వెనుక జలాల్లో సాధన చేయాలనుకునే తెలుగువారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందుగా లక్ష్యం ఏమిటో తెలియాలి. పోటీ స్లాలం కోర్సు పొడవు 259 మీటర్లు. బోటు మధ్య గీత వెంట నేరుగా వెళుతుంది. ఆ గీతకు 11.5 మీటర్ల దూరంలో కుడివైపు మూడు, ఎడమవైపు మూడు బంతులు తేలుతూ ఉంటాయి. స్కీయర్ ప్రవేశ ద్వారం గుండా వచ్చి, ఆరు బంతులను వరుసగా బయటివైపు నుంచి చుట్టి, నిష్క్రమణ ద్వారం గుండా వెళ్లాలి. ద్వారం నుంచి మొదటి బంతి 27 మీటర్ల దూరంలోనూ, అక్కడి నుంచి ఒక్కో బంతి 41 మీటర్ల దూరంలోనూ ఉంటాయి. ఒకసారి ఆరింటినీ చుట్టగలిగితే వేగాన్ని గంటకు 3 కిలోమీటర్ల చొప్పున పెంచుతారు. పురుషులకు 58, మహిళలకు 55 కిలోమీటర్ల గరిష్ఠ వేగం చేరిన తరువాత ఇక వేగం పెరగదు, తాడు పొట్టిదవుతుంది.

నీటిని, సమయాన్ని ఎంచుకోవడం

చెన్నైలో ఎండ ఎక్కిన తరువాత సముద్రపు గాలి లేచి నీటి మీద చిరు అలలు పుట్టిస్తుంది. కాబట్టి తెల్లవారిన వెంటనే మొదలుపెట్టి, గాలి తిరిగేలోగా ముగించడం మంచిది. ఈశాన్య రుతుపవనాల కాలమైన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వరద నీటితో చెత్త, కొమ్మలు కొట్టుకొస్తాయి గనుక ఆ నెలల్లో సాధన మానుకోవడమే మేలు.

ముట్టుకాడు వంటి వెనుక జలాల్లో లోతు అన్నిచోట్లా ఒకేలా ఉండదు, ఇసుక మేటలు చోటు మారుతుంటాయి. వేగంగా పడినప్పుడు తల గాని, స్కీ ఫిన్, అంటే స్కీ తోక అడుగున నిలువుగా ఉండే పలక గాని నేలకు తగలకుండా ఉండాలంటే వెళ్లే దారి అంతటా దాదాపు రెండు మీటర్ల లోతు ఉండాలి. ముందు బోటును మెల్లగా నడుపుతూ గుర్తులు వేసిన కర్రతో లోతు చూసుకోండి. స్థానిక అనుమతులు, జాలర్ల వలలు ఉండే చోట్లు కూడా అదే రోజు తెలుసుకోండి. ఉత్తరాన ఉన్న పులికాట్ సరస్సు విశాలంగా కనిపించి ఆశ పెడుతుంది గానీ, అది పక్షుల సంరక్షణ కేంద్రం. అక్కడ వేగపు బోటుతో సాధన చేసే ఆలోచనే పెట్టుకోవద్దు.

సముద్రంతో కలిసిన నీటిలో మరొక విషయం గమనించాలి. మొగ తెరుచుకుని ఉన్నప్పుడు ఆటుపోట్ల వల్ల నీటికి ప్రవాహం ఉంటుంది. జీపీఎస్ చూపే వేగం నేలను బట్టి లెక్కించినది, మీ స్కీకి తెలిసే వేగం నీటిని బట్టి ఏర్పడేది. ప్రవాహం గంటకు 1.5 కిలోమీటర్లు ఉందనుకుంటే, జీపీఎస్‌లో 46 చూపుతున్నప్పుడు ఎదురు దిశలో స్కీకి అది 47.5, వాలు దిశలో 44.5 అవుతుంది. రెండు దిశల మధ్య తేడా పోటీలో ఒక పూర్తి మెట్టుకు సమానమన్నమాట. ఒక దిశలో బాగా వచ్చి, మరో దిశలో చెడిపోతున్నదని బాధపడేవారు తమ కాళ్లను అనుమానించే ముందు నీటిని చూడాలి. వీలైతే పోటు, పాటుల మధ్య నీరు నిలకడగా ఉండే సమయాన్ని ఎంచుకోండి.

బోటును, నడిపేవారిని సిద్ధం చేసుకోవడం

పోటీలకు వాడే బోట్లలో ఇంజిన్ బోటు నడుమ ఉంటుంది, తాడు కట్టే పైలాన్ దాని ముందే నిలిచి ఉంటుంది. మాస్టర్‌క్రాఫ్ట్ ప్రోస్టార్, స్కీ నాటిక్ వంటివి ఇలాంటివే. వీటి వేక్, అంటే బోటు వెనుక లేచే జంట అల, చిన్నదిగా, మెత్తగా ఉంటుంది. మనకు అందుబాటులో ఉండేవి ఎక్కువగా వెనుక మోటారు తగిలించిన బోట్లు. వాటితోనూ నేర్చుకోవచ్చు. కాకపోతే అమరికలో శ్రద్ధ మరింత కావాలి. మోటారు వంపును కొద్దికొద్దిగా మారుస్తూ, స్కీ వేగంలో వేక్ ఎక్కడ చదునుగా వస్తుందో చూసి ఆ స్థానాన్ని గుర్తు పెట్టుకోండి. మనుషులను, ఇంధనం డబ్బాలను కుడి ఎడమలకు సమానంగా సర్దండి. బరువు ఒకవైపు ఉంటే వేక్ రెండు వైపులా ఒకేలా రాక, మీ తప్పేమీ లేకుండానే ఒక మలుపు ఎప్పుడూ కష్టమవుతుంది. మనుషులు ఎంత తక్కువైతే వేక్ అంత చిన్నదవుతుంది, అయితే డ్రైవరు, వెనక్కి చూసే పరిశీలకుడు ఈ ఇద్దరూ తప్పనిసరి.

వేగాన్ని తానే నిలిపే జీపీఎస్ నియంత్రణ లేని బోటులో ఆ పని డ్రైవరు చేతిదే. స్కీయర్ వేక్ వైపు లాగినప్పుడు బోటు నెమ్మదిస్తుంది, మలుపులో తాడు తేలికైనప్పుడు వేగం పుంజుకుంటుంది. డ్రైవరు ఆ లాగుడును వీపుతో పసిగట్టి, థ్రాటిల్‌ను వెంట్రుకవాసి పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. ఫోనులోని జీపీఎస్ వేగాన్ని కళ్లెదుట పెట్టుకోవడం, ఒడ్డు మీద దూరంగా ఉన్న చెట్టునో, స్తంభాన్నో గురిగా పెట్టుకుని నేరుగా నడపడం అతను అలవాటు చేసుకోవాలి. మంచి డ్రైవరు దొరికితే మీ సాధన సగం సఫలమైనట్లేనని నా నమ్మకం. అతనికి ఇచ్చే గౌరవంలో ఏ లోటూ రాకూడదు.

బోటు తిరిగి వచ్చే దారి కూడా ముఖ్యమే. చివర పెద్ద వృత్తం తిప్పితే దాని అలలు మీరు వెళ్లబోయే దారిలోకే వస్తాయి. స్కీయర్‌ను చివరన నీటిలోకి దించి, మెల్లగా తిరిగి, వచ్చిన గీత మీదే వెనక్కి రావాలి. అలలు సద్దుమణిగేదాకా ఆగడం విశ్రాంతిగానూ పనికొస్తుంది.

ఇంజిన్ హోరులో తమిళమూ వినబడదు, తెలుగూ వినబడదు. అందుకే నీటిలోకి దిగే ముందే సైగలు కుదుర్చుకోండి. బొటనవేలు పైకి అంటే వేగం పెంచాలి, కిందికి అంటే తగ్గించాలి, అరచేతిని గొంతు మీదుగా అడ్డంగా తిప్పితే ఇంజిన్ ఆపాలి, తల తడితే ఒడ్డుకు చేర్చాలి. పడిన వెంటనే స్కీయర్ చెయ్యెత్తి క్షేమమని చూపాలి, చూపకపోతే డ్రైవరు వెంటనే రావాలి. స్కీయర్ బోటును సమీపించినప్పుడు ఇంజిన్ పూర్తిగా ఆగి ఉండాలి, న్యూట్రల్‌లో ఉంచడం చాలదు. డ్రైవరు తన చోటు నుంచి పడిపోతే ఇంజిన్‌ను ఆపేసే కిల్ స్విచ్ తాడును ఒంటికి తగిలించుకోవాలి, స్కీయర్ లైఫ్ జాకెట్ లేకుండా నీటిలోకి దిగకూడదు. నడుస్తున్న ఇంజిన్ వెనుక కూర్చోవడం వల్ల విషవాయువు పీల్చే ప్రమాదం ఉంది.

తాడు, హ్యాండిల్

సాగని, పొడవు కొలిచి గుర్తు పెట్టిన స్లాలం తాడునే వాడండి. సాధారణ లాగుడు తాడు రబ్బరులా సాగి, మలుపు చివర మిమ్మల్ని కుదిపేస్తుంది. హ్యాండిల్‌తో కలిపి 18.25 మీటర్ల పొడవుతో మొదలుపెట్టాలి. తరువాతి మెట్లు 16, 14.25, 13, 12, 11.25 మీటర్లు. 18.25 మీటర్ల తాడుతో బంతిని అందుకోవడానికి, చేతి చాపును లెక్కించకపోతే, తాడు బోటు గీతకు 39 డిగ్రీల కోణంలో తిరిగితే చాలు, 13 మీటర్ల తాడుకు అది 62 డిగ్రీలు అవుతుంది. 11.25 మీటర్ల దగ్గర తాడే బంతికంటే పొట్టిది, మిగతాది స్కీయర్ ఒళ్లు చాచి అందుకోవాలి. పట్టు విషయానికి వస్తే, ఒక అరచేయి పైకి, మరొకటి కిందికి ఉండేలా పట్టుకుంటే వేళ్ల మీద భారం తగ్గుతుంది.

స్కీ, బూట్లు, ఫిన్

స్కీ పొడవును మీ బరువు, మీరు వెళ్లే వేగం ఈ రెండింటినీ బట్టి తయారీదారు పట్టికలో చూసి ఎంచుకోవాలి. గంటకు 50 కిలోమీటర్ల లోపు సాధన చేసేవారికి కొంచెం వెడల్పైన స్కీ మేలు, నీటిపై తేలికగా నిలిచి, కాళ్లకు ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది. పోటీలకు తయారైన సన్నని స్కీ ఈ వేగంలో మునిగిపోతూ మీ శ్రమను మింగేస్తుంది. ముందు ఏ కాలు పెట్టాలో తెలియకపోతే, రెండు స్కీల మీద వెళుతూ ఒక్కోదాన్ని కొద్దిగా ఎత్తి చూడండి. ఏ కాలి మీద స్థిరంగా నిలబడగలిగితే ఆ కాలే ముందుకు.

బూట్లు ముందుకు జరిపితే స్కీ ముక్కు నీటిలోకి ఎక్కువ దిగి మలుపు పదునెక్కుతుంది, మరీ జరిపితే ముక్కు పట్టేసి ముందుకు పడతారు. వెనక్కి జరిపితే నిలకడ వస్తుంది గానీ మలుపు బద్ధకిస్తుంది. జరిపితే రెండు బూట్లనూ కలిపి ఒక్క రంధ్రమే జరపాలి. పడినప్పుడు ఒక కాలు ఊడి, మరొకటి బిగిసిపోతే చీలమండ దెబ్బతింటుంది. కాబట్టి రెండు పాదాలకూ నిండు బూట్లు వాడితే, ఒకటి గట్టిగానూ, మరొకటి వదులుగానూ ఉండే కలయికకు దూరంగా ఉండండి. మొదట్లో వెనుక పాదానికి సాదా పట్టీ సరిపోతుంది.

ఫిన్ గురించి చెప్పవలసిన ముఖ్యమైన మాట, దాన్ని ముట్టుకోవద్దని. తయారీదారు చెప్పిన పొడవు, లోతు, తోక నుంచి దూరం సరిగా ఉన్నాయో లేదో కొలిపించుకుని, ఆ అంకెలను పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఇక్కడ మార్పులు అంగుళంలో వెయ్యో వంతుల్లో జరుగుతాయి, 0.005 అంగుళాలంటే దాదాపు 0.13 మిల్లీమీటర్లు. లోతు పెంచితే తోక నీటిని గట్టిగా పట్టుకుంటుంది, తగ్గిస్తే సులువుగా జారుతుంది. ఫిన్‌కు ఉండే చిన్న రెక్క బంతికి ముందు వేగాన్ని తగ్గించడానికి, తక్కువ వేగాల్లో దాని అవసరం పెద్దగా ఉండదు. ప్రతిసారీ ఒకేలా నిలబడగలిగిన రోజుదాకా, మారింది ఫిన్ వల్లనా మీ వల్లనా అనేది తేల్చుకోలేరు.

నిలబడే తీరు

స్లాలంలో మిగతా అన్నిటికన్నా ఎక్కువ కాలం వెచ్చించదగినది ఇదే. చీలమండలు, మోకాళ్లు కొద్దిగా వంగి, నడుము పాదాల పైకి వచ్చి, ఛాతీ నిటారుగా, చేతులు చాచి, హ్యాండిల్ తుంటి దగ్గరగా ఉండాలి. బరువు రెండు పాదాల మీదా పడాలి. సాధారణంగా కనిపించే పొరపాట్లు రెండు. నడుము దగ్గర విరిగినట్లు వంగి కుర్చీలో కూర్చున్నట్లు వెనక్కి వాలడం మొదటిది, మోచేతులు మడిచి చేతులతో లాగడం రెండవది. మొదటిదానితో బరువంతా వెనుక కాలి మీద పడి స్కీ నెమ్మదిస్తుంది. రెండవదానితో తాడు లాగుడు కాళ్లకు చేరకుండా భుజాల్లోనే ఆగిపోతుంది.

ఈ భంగిమను ముందు నేల మీదే సాధించవచ్చు. గట్టి స్తంభానికో, కిటికీ ఊచకో తాడు కట్టి, పక్కకు వాలి, చీలమండ నుంచి భుజం దాకా ఒకే గీతగా ఉన్నారో లేదో ఇంట్లో ఎవరినైనా పక్క నుంచి ఫోనులో తీయమనండి. ఎంతో తేలికగా కనిపించే ఈ పని నీటి మీద వచ్చే ఫలితాన్ని మార్చేస్తుంది.

నీటి మీదకు వచ్చాక లాగవలసిన చోటు ఏదో తెలుసుకోవాలి. మీరు ఊయల చివర కూర్చున్నట్లే ఉంటారు. బోటు వెనుక, అంటే మధ్య భాగంలో వేగం ఎక్కువ, పక్కల చివరల్లో తక్కువ. కాబట్టి మలుపు పూర్తయిన వెంటనే గుంజకుండా, స్కీ దిశ తిరిగేదాకా ఓపిక పట్టి, వేక్‌ను సమీపిస్తుండగా వాలును క్రమంగా పెంచి, బోటు నడుమ దాటగానే వదలడం మొదలుపెట్టాలి. రెండవ అల దగ్గర స్కీ ఒక అంచు నుంచి మరో అంచుకు మారాలి. ఆ తరువాతా లాగుతూ పోతే వేగం మిగిలిపోయి, బంతి దగ్గరికి నేరుగా దూసుకెళ్లి, తాడు వదులై, మలుపు ఆలస్యమవుతుంది. అంచు మారేదాకా రెండు చేతులూ హ్యాండిల్ మీదే, తుంటి దగ్గరే ఉండాలి. ఆ తరువాత బోటుకు దూరంగా ఉన్న చేతిని వదిలి, దగ్గరి చేతిని మెల్లగా బోటు వైపు చాచాలి. మలుపు తిరిగాక చేతిని గుంజకుండా, శరీరాన్నే హ్యాండిల్ దగ్గరికి చేర్చండి. చూపు బంతి మీద కాకుండా కోర్సు ముందుకు సాగాలి.

కోర్సు లేని చోట కోర్సు సాధన

మన నీళ్లలో బంతులు అమర్చిన కోర్సు దొరకడం అరుదు. అయినా దాని లయను కాలంతో సాధించవచ్చు. బంతుల మధ్య 41 మీటర్లను బోటు దాటే సమయం గంటకు 43 కిలోమీటర్ల వేగంలో దాదాపు 3.4 సెకన్లు, 46లో 3.2, 49లో 3, 55లో 2.7 సెకన్లు. పరిశీలకుడు ఫోనులో ఆ వ్యవధికి మోగే ఏర్పాటు చేసుకుని, ప్రతి మోతకూ చెయ్యెత్తి చూపాలి. మీరు చెయ్యి లేచే క్షణానికి మలుపు శిఖరం దగ్గర ఉండేలా కుడి, ఎడమ, కుడి, ఎడమ అంటూ ఆరు మలుపులు తిరగాలి. మొదట వెడల్పు గురించి పట్టించుకోవద్దు. వేక్‌కు రెండు మూడు మీటర్లు బయటికి వెళ్లి లయతో తిరిగితే చాలు, లయ చెడకుండా వచ్చాక వెడల్పు పెంచండి.

ప్రవేశ ద్వారాన్ని కూడా ఇందులోనే కలుపుకోండి. మొదటి బంతి కుడివైపు ఉంటుంది గనుక ముందు ఎడమవైపుకు వెడల్పుగా వెళ్లి, రెండు చేతులతో నిలకడగా జారి, అక్కడి నుంచి తిరిగి మధ్యకు రావాలి. ఎంత వెడల్పుగా, ఎంత ప్రశాంతంగా ఈ తొలి అడుగు పడితే ఆరవ మలుపు అంత తేలికవుతుంది. పక్క నుంచి గాక బోటు నుంచే తీసిన వీడియోను ఇంటికి వెళ్లి నెమ్మదిగా చూడండి.

వేగం పెంచడం ఎప్పుడు

ఒక వేగంలో రెండు దిశల్లోనూ, వరుసగా, తాడు వదులు కాకుండా ఆరు మలుపులు వస్తేనే తరువాతి 3 కిలోమీటర్లు. కొత్త వేగంలో రెండుసార్లు చెడితే వెంటనే పాత వేగానికి దిగి, ఆ రోజును మంచి మలుపులతోనే ముగించాలి. తాడు పొట్టి చేయడానికి తొందర అక్కర్లేదు. ఒక్కో విడతకు ఆరు నుంచి ఎనిమిది పరుగులు చాలు. పట్టు జారిన తరువాత చేసే సాధన చెడ్డ భంగిమను ఒంటికి నేర్పుతుంది, తొడ వెనుక కండరాలకు గాయం అయ్యే అవకాశమూ అప్పుడే ఎక్కువ.

ఒడ్డుకు వచ్చాక

ఉప్పునీటిలో వాడిన స్కీ, ఫిన్ మరలు, బూట్లు, తాడు అన్నిటినీ మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి. మోటారునూ మంచినీటితో లోపల శుభ్రం చేయించాలి. చెన్నై ఎండలో మూసిన కారు డిక్కీలో స్కీని వదిలితే బూట్ల జిగురు ఊడిపోతుంది, పొరలు ఉబ్బవచ్చు. ప్రతి విడతకు ముందు మరల బిగువు, తాడు ముడులు, హ్యాండిల్ చివరల అరుగుదల వేళ్లతో తడిమి చూసి, అనుమానం కలిగిన తాడును పక్కన పెట్టి కొత్తది కట్టుకోండి.