బ్రాయిలర్ కోళ్ల పేగులకు పసుపు, వెల్లుల్లి, ప్రోబయాటిక్: ఎప్పుడు, ఎంత, ఎలా ఇవ్వాలి

పెట్ట కింద పొదిగిన పిల్ల తల్లి రెట్టను పొడుచుకుంటూ తొలిరోజే మేలు చేసే బ్యాక్టీరియాను సంపాదించుకుంటుంది. హేచరీ పిల్లకు ఆ అవకాశం లేదు. దాని పేగు దాదాపు ఖాళీగా మన షెడ్డుకు చేరుతుంది, ముందుగా ఏ బ్యాక్టీరియా ప్రవేశిస్తే అదే అక్కడ పాతుకుపోతుంది. 1973లో ఫిన్లాండ్ శాస్త్రజ్ఞులు నుర్మి, రంటాలా పెద్ద కోళ్ల పేగులోని పదార్థాన్ని పిల్లలకు ఇచ్చి, సాల్మొనెల్లా అనే హానికర బ్యాక్టీరియా వాటిలో నిలదొక్కుకోకుండా చేయగలిగారు. అందుకే ఏది వాడామన్నదానికంటే ఎప్పుడు మొదలుపెట్టామన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్ కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006లో పూర్తిగా ఆపివేసింది. మన దేశం 2019లో కోళ్లకు, పశువులకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించింది. వాటి స్థానంలోకి వచ్చినవే ఈ సహజ పదార్థాలు.

కోడి పేగు చివర రెండు సంచులుంటాయి. అరగని పీచును అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తుంది, అది పేగు లోపలి పొరకు ఆహారమవుతుంది. ఈ సమతుల్యం చెడి, రక్తపారుడు వ్యాధి (కాక్సిడియోసిస్) వల్ల పొర అప్పటికే గాయపడి ఉంటే, హాని చేసే బ్యాక్టీరియా అయిన క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ విజృంభిస్తుంది. అలా చనిపోయిన కోడిని కోసి చూస్తే పేగు గాలితో ఉబ్బి, లోపలి పొర పాత తువ్వాలులా గరుకుగా కనిపిస్తుంది.

ప్రోబయాటిక్‌ను, అంటే మేలు చేసే బతికున్న బ్యాక్టీరియాను, మొదటి రోజు నుంచే, ప్యాకెట్ మీది మోతాదు ప్రకారం నీటిలో ఇవ్వాలి. క్లోరిన్ కలిపిన నీరు అందులోని జీవులను చంపుతుంది కాబట్టి, ఆ పూటకు క్లోరిన్ లేని నీటిని విడిగా ఉంచుకొని, కొద్ది గంటల్లో తాగేసేంత మాత్రమే కలపాలి. గుళికల దాణాలో కలపాలంటే వేడికి తట్టుకునే బీజాలుగా ఉండే బాసిల్లస్ సబ్‌టిలిస్ రకం మేలు, లాక్టోబాసిల్లస్ ఆ వేడికి నిలవదు. పెరుగు, మజ్జిగ చాలనుకునేవారున్నారు గానీ, వాటిలోని బ్యాక్టీరియా కోడి పేగులో స్థిరపడదు. పైగా పాలలోని చక్కెరను కోడి సరిగా అరిగించుకోలేదు కాబట్టి, ఎక్కువైతే రెట్ట పలుచబడుతుంది. కొక్కెర తెగులుకు వేసే లసోటా టీకాను నీటిలో ఇచ్చే రోజున అందులో పాలపొడి తప్ప మరేమీ కలపకూడదు.

పసుపును కిలో దాణాకు 5 గ్రాముల చొప్పున, అంటే 100 కిలోలకు అర కిలో వేయవచ్చు. నేరుగా దాణా మీద చల్లితే కొన్ని కోళ్లకు ఎక్కువ, కొన్నిటికి అసలు అందకుండా పోతుంది. ముందు 5 కిలోల మొక్కజొన్న పిండిలో రంగు ఒక్కతీరుగా వచ్చేదాకా కలిపి, ఆ మిశ్రమాన్ని మిగతా దాణాలో తిరగవేయాలి. సంతలో దొరికే చవక పొడిలో రంగు కల్తీ ఉండవచ్చు. నిజామాబాద్, దుగ్గిరాల కొమ్ములు కొని మరపట్టించుకోవడమే నయం. అయితే కోళ్లకే కదా అని పుచ్చిన, బూజు పట్టిన కొమ్ములను వాడితే, బూజు విషం చేసే నష్టం పసుపు చేసే మేలును మించిపోతుంది.

వెల్లుల్లిలో పనిచేసే అల్లిసిన్ రెబ్బను నలిపినప్పుడే పుడుతుంది, వేడికి పోతుంది. కనుక ఉడికించకుండా నూరి అదే పూట వాడాలి. వాములోని థైమాల్‌కు కూడా హానికర బ్యాక్టీరియాను అణచే గుణం ఉంది, కానీ ఘాటు ఎక్కువైతే కోళ్లు మేత తగ్గిస్తాయి.

ఫలితం రెట్టలో కనబడుతుంది. గట్టిగా ఉండి పైన తెల్లని టోపీ ఉన్న రెట్ట మంచిది. మధ్యమధ్యలో పడే చాక్లెట్ రంగు జిగురు రెట్ట పేగు చివరి సంచుల నుంచి వచ్చేదే, భయపడనక్కరలేదు. నారింజ రంగు జిగురు గానీ, అరగని మొక్కజొన్న ముక్కలు గానీ కనిపిస్తే పేగు దెబ్బతిన్నదని అర్థం. రక్తం కనిపిస్తే మాత్రం పసుపు మీద భారం వేయకుండా పశువైద్యుణ్ణి పిలవాలి. దాణాలోని రక్తపారుడు మందును ఆయన చెప్పనిదే ఆపకూడదు. షెడ్డులో పరిచిన ఊక తడిగా ఉంటే ఏ అనుబంధ పదార్థం ఇచ్చినా ఫలితం ఉండదు, ముందు కారుతున్న నీటి నిప్పిల్‌ను బాగుచేయాలి.

అమ్మేవారి మాటకంటే సొంత తూకం నమ్మదగినది. ఒకే బ్యాచ్ పిల్లలను తడికతో రెండు భాగాలు చేసి, ఒకవైపే అనుబంధ పదార్థం ఇచ్చి, తిన్న మేతను, వారం వారం బరువును రాసుకోవాలి. సగటున 3.4 కిలోలు తిన్న కోడి 2.1 కిలోలు తూగితే మేతకు, బరువుకు నిష్పత్తి సుమారు 1.62, రెండో వైపు కూడా అంతే వస్తే, ఆ ప్యాకెట్‌ను తదుపరి బ్యాచ్‌కు కొననక్కరలేదు.