కుకీలు పల్చగా పారిపోతున్నాయా? రెసిపీ మార్చకముందు ఓవెన్ చూడండి

ట్రేలో గుండ్రటి ఉండలు పెట్టారు. పది నిమిషాలకు తలుపు తీస్తే అన్నీ కరిగి, ఒకదానికొకటి అతుక్కుని, అంచులు మాడి, నడుమ జిడ్డుగా ఒకే రేకైపోయాయి. ఇంట్లో కుకీలు చేసేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. అడిగేసరికి మైదా పెంచి ఉంటారు, గుడ్డు తగ్గించి ఉంటారు, రెండు మూడు రెసిపీలు మార్చి ఉంటారు. ముందు ఒక్క కుకీ కాల్చి చూశారా అంటే మాత్రం లేదంటారు.

దయచేసి అక్కడ మొదలుపెట్టండి. ట్రే నింపకముందు ఒక్క ఉండ కాల్చి, చల్లారనిచ్చి, విరిచి చూడండి. పాతిక నిమిషాల్లో తేలిపోతుంది, పిండీ మిగులుతుంది. కుకీ అనే మాట డచ్ వాళ్ళ ‘కూకియె’ నుంచి వచ్చింది. చిన్న కేకు అని అర్థం. ఓవెన్‌లో వేడి కొలిచే సాధనం లేని రోజుల్లో, కేకు పెట్టే ముందు కాస్త పిండి వేసి చూసేవారనీ, కుకీ అలా పుట్టిందనీ చెబుతారు. వేడి చూడటానికి పుట్టిందంటున్న దాన్నే మనం వేడి చూడకుండా కాలుస్తున్నాం.

మొదటి కుకీయే పారితే

ముందు బటర్. వేలితో నొక్కితే గుంట పడాలి, కానీ పైన నూనె మెరుపు ఉండకూడదు. అంటే 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్. పంచదారతో గిలక్కొట్టేటప్పుడు రాపిడికి అది ఇంకాస్త వేడెక్కుతుంది. ఉండలు చేసి 30 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, మళ్ళీ ఒక్కటే కాల్చండి. నిలబడితే తప్పు బటర్‌దే, పని అయిపోయింది.

ఫ్రిజ్‌లోంచి తీసిందీ పారిందా? అప్పుడు ఓవెన్‌ని అనుమానించండి. దీనివల్ల నేను దాదాపు ఏడాది పాటు పిండి, బటర్ పారబోశాను. డయల్ 180 దగ్గర పెట్టేదాన్ని, వేడెక్కిందని చెప్పే లైటు ఆరగానే ట్రే లోపల పెట్టేదాన్ని. కుకీలు పారేవి, అంచులు నల్లబడేవి. నల్లబడ్డాయి కాబట్టి వేడి ఎక్కువైందనుకుని 160కి తగ్గించాను. ఇంకా పారాయి. చివరికి లోపల థర్మామీటర్ పెడితే, డయల్ 180 అంటున్నప్పుడు అసలు వేడి 155. అంటే నేను తగ్గించాక కుకీలు ఇంకా తక్కువ వేడిలో కాలాయన్నమాట.

వేడి తక్కువైతే కుకీ ఎందుకు పారుతుంది? బటర్ 35 డిగ్రీల లోపే కరిగిపోతుంది. కుకీని నిలబెట్టే గుడ్డు, పిండి గట్టిపడాలంటే లోపల సుమారు 60 నుంచి 80 డిగ్రీలు రావాలి. ఓవెన్ సరిగ్గా వేడిగా ఉంటే ఈ మధ్య వ్యవధి చాలా చిన్నది. చల్లగా ఉంటే బటర్ కరిగి, పంచదారను వెంటేసుకుని, అడ్డుకునేది లేక పారుతూనే ఉంటుంది. పారిన అంచు పల్చన, అందుకే ముందుగా మాడుతుంది. ఆ మాడు చూసి అందరం తప్పు దారి పడతాం.

లైటు ఆరడాన్ని నమ్మకండి. సెన్సర్ దగ్గర గాలి వేడెక్కిందని మాత్రమే దానర్థం. గోడలూ అడుగూ ఇంకా వేడెక్కకపోతే, తలుపు తీయగానే ఆ గాలి బయటికి పోతుంది, తిరిగి ఇచ్చే వేడి గోడల్లో ఉండదు. లైటు ఆరాక ఇంకో 15 నిమిషాలు ఆగండి. థర్మామీటర్‌ని నడిమి అరలో పెట్టి, అరగంట పాటు ఐదేసి నిమిషాలకోసారి అంకె రాసుకుని సగటు తీయండి. థర్మోస్టాట్ వేడిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి చూసిన అంకె చాలదు.

థర్మామీటర్ లేదా? పంచదార చాలు. అది కరిగేది 186 డిగ్రీల దగ్గర. ఓవెన్ బాగా వేడెక్కాక, రేకు మీద చెంచాడు పంచదార వేసి డయల్ 175లో 15 నిమిషాలు ఉంచండి, కరగకూడదు. తర్వాత 190లో ఇంకో చెంచాడు, ఈసారి కరగాలి. 190లోనూ పలుకులు పలుకులుగానే ఉంటే మీ ఓవెన్ చెప్పేదానికంటే చల్లగా ఉంది. 175లోనే కరిగితే వేడి ఎక్కువ. కరిగిన పంచదార చర్మానికి అంటుకుని కాలుస్తుంది, చేత్తో ముట్టుకోకండి. తేడా తెలిశాక ‘180 కావాలంటే 205 పెట్టాలి’ అని చీటీ రాసి ఓవెన్‌కి అంటించండి. నాది ఇప్పటికీ ఉంది. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే రెసిపీలో చెప్పినదానికి 15, 20 డిగ్రీలు తగ్గించి లెక్కవేయండి.

మొదటి ట్రే బాగుంది, రెండోదే పాడైంది

వేడి ట్రే మీద పచ్చి పిండి పెట్టారు, అంతే. ఓవెన్‌లోకి వెళ్ళకముందే బటర్ కరగడం మొదలైంది. ట్రే పూర్తిగా చల్లారనివ్వండి, లేదా రెండు ట్రేలు వాడండి.

అస్సలు పరుచుకోవడం లేదు, పెట్టిన ఉండ పెట్టినట్టే ఉంది

మైదా ఎక్కువైంది. కప్పుని నేరుగా డబ్బాలో ముంచి తీస్తే 150 గ్రాములు వస్తుంది, చెంచాతో వదులుగా నింపితే 120. రెండూ ఒక కప్పే. త్రాసు కొనుక్కోండి. ఇప్పటికే కలిపిన పిండి అయితే ఉండల్ని అరచేత్తో కాస్త నొక్కి కాల్చండి.

మర్నాటికి రాయిలా అయింది

నడుమ కూడా గట్టిపడేదాకా ఓవెన్‌లో ఉంచి ఉంటారు. బిస్కెట్ అనే మాటకు లాటిన్ మూలంలో రెండుసార్లు కాల్చినది అని అర్థం. తేమంతా పోగొట్టి నిలవకోసం చేసేది అది. మెత్తటి కుకీకి ఒక్కసారే కాల్పు, అదీ నడుమ కాస్త పచ్చిగా కనిపిస్తుండగానే తీసేయాలి. బయట ట్రే మీద ఐదు నిమిషాలు ఉంచితే ఆ వేడికే మిగతాది కాలుతుంది. తెల్ల పంచదార కరకరని, బ్రౌన్ షుగర్ అందులోని మొలాసిస్ (చెరకు మడ్డి) వల్ల మెత్తదనాన్ని ఇస్తుంది. 1930ల్లో మసాచుసెట్స్‌లోని టోల్ హౌస్ ఇన్‌లో రూత్ వేక్‌ఫీల్డ్ తయారుచేసిన చాక్లెట్ చిప్ కుకీలో ఈ రెండూ సమానంగా ఉంటాయి. మీకు మెత్తగా కావాలంటే బ్రౌన్ వైపు మొగ్గండి.

పాత బేకింగ్ సోడా, నల్ల ట్రే, ఎత్తైన ప్రాంతం గురించి కూడా అడుగుతుంటారు. సోడాపై చుక్క వెనిగర్ వేస్తే పొంగాలి, పొంగకపోతే పారేయండి. నల్ల ట్రేలో అడుగు మాడితే రెండు నిమిషాల ముందు తీయండి. కొండల మీద ఉన్నవాళ్ళు తప్ప మిగతావాళ్ళు ఎత్తు సంగతి వదిలేయవచ్చు.