కదిలే నీళ్లలో కార్తీకం రంగులు ఫొటో తీయడం ఎలా: నాగావళి ఒడ్డు నుంచి

దసరా వెళ్లి కార్తీకం వచ్చేసరికి ఒడిశాలో మా రాయగడ దగ్గర నాగావళి ఏరు తేరుకుంటుంది, ఒడ్డున రెల్లు తెల్లగా విరబూస్తుంది, కొండవాలు పొలాల్లో వలిసెలు (పసుప్పచ్చ పూల నూనెగింజల పంట) పసుపు ఆరబోసినట్టు ఉంటాయి. ఇంక ఆ రోజుల్లో తెల్లారకముందే కెమెరా బ్యాగు తగిలించుకుని ఏటికో గెడ్డకో (కొండవాగుకో) పోవడమే నా పని. నీళ్ల మీద ఆ రంగులు పట్టుచీర జారినట్టు ఎలా వస్తున్నాయి, తర్వాత ఎడిటింగ్‌లో చేస్తావా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి తెలిసినదంతా రాస్తున్నా.

ముందు ఒక్క మాట, కెమెరా ఏదైనా సరే ఇది కుదరకపోతే ఏదీ కుదరదు. మీ ముందున్న నీళ్లు నీడలో ఉండాలి, అవతలి ఒడ్డు ఎండలో ఉండాలి. నీళ్ల మీదే ఎండ పడితే తళుకు తప్ప రంగు రాదు. మా దగ్గర ఏరు ఎక్కువగా ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది కాబట్టి పొద్దున్న తూర్పు ఒడ్డున, కొండ నీడలోనో చెట్ల నీడలోనో కూర్చుంటే ఎదురుగా పడమటి ఒడ్డు మీద మొదటి ఎండ పడి అక్కడి రెల్లు, వలిసెలు, కొండ మట్టి అన్నీ నీళ్లలోకి దిగుతాయి. ఆరున్నర నుంచి ఎనిమిది లోపే, ఆ తర్వాత నీడ తగ్గిపోతుంది. సాయంత్రం అయితే ఒడ్డు మార్చుకోవడమే.

రెండోది, నిలబడి తీయకండి. నిలబడి కాళ్ల దగ్గర నీళ్లలోకి చూస్తే అడుగున గులకరాళ్లు కనిపిస్తాయి, అక్కడే గొంతుక్కూర్చుని కాస్త దూరంగా చూస్తే రాళ్లు మాయమై అవతలి ఒడ్డు కనిపిస్తుంది. చూపు నీళ్లకి ఎంత ఏటవాలుగా ఉంటే ప్రతిబింబం అంత బలంగా వస్తుంది, అందుకే ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా విడదీసి కెమెరాని మోకాలి ఎత్తుకి దించుతాను.

ఇప్పుడు షట్టర్, అంటే కెమెరా ఎంతసేపు తెరిచి ఉంచాలన్నది. లాంగ్ ఎక్స్‌పోజర్ అనగానే అందరూ 30 సెకన్లు పెట్టేస్తారు, జలపాతానికి అది నడుస్తుందేమో గానీ ప్రతిబింబానికి మాత్రం వద్దు, రంగులన్నీ కలిసిపోయి పాలు ఒలికినట్టు అవుతుంది. నాకు నచ్చేది అర సెకను నుంచి రెండు సెకన్లు. ఎందుకో చెప్తా, ఒకసారి ఏటి మధ్యలో రాయి పక్కన నీళ్లని బాగా గమనించండి. నీళ్లు పోతూనే ఉంటాయి గానీ రాయి వెనకాల ముడతలు మాత్రం దాదాపు అక్కడే నిలిచి ఉంటాయి. ఒక్కో ముడతకి ఒక వాలు ఆకాశాన్ని చూస్తుంది, రెండో వాలు ఎండ పడ్డ ఒడ్డుని చూస్తుంది, అంటే ఒక చార నీలం, దాని పక్కనే ఒక చార పసుపు. అర సెకనులో చిన్న చిన్న తళుకులు చెరిగిపోయి ఈ చారలు మిగులుతాయి. మరీ ఎక్కువసేపు తెరిస్తే చారలు కూడా అటూ ఇటూ ఊగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఉధృతంగా పోయే గెడ్డకి పావు సెకను కూడా చాలు, నిదానంగా కదిలే మడుగుకి నాలుగు సెకన్ల దాకా వెళ్లొచ్చు.

లెక్క ఎలాగంటే, నీడ నీళ్లలో ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 100, అపర్చర్ (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది) 11 పెడితే నాకు సుమారుగా 1/15 సెకను చూపిస్తుంది. లెన్స్ ముందు ఎన్‌డీ 8 ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లద్దం) తగిలిస్తే ఎనిమిది రెట్లు, అర సెకను. ఎన్‌డీ 64 అయితే నాలుగు సెకన్లు. కాబట్టి కొనేవాళ్లు ముందు ఎన్‌డీ 8 కొనండి, ఎన్‌డీ 1000 ఈ పనికి అక్కర్లేదు. అపర్చర్ 16 దాటించకండి, బొమ్మ మెత్తబడుతుంది.

పోలరైజర్ (లెన్స్ ముందు తిప్పే ఇంకో ఫిల్టర్) సంగతి జాగ్రత్త. అది ఉన్నదే నీళ్ల మీద మెరుపు తీసేయడానికి, పూర్తిగా తిప్పితే మనం ఏ ప్రతిబింబం కోసం వచ్చామో అదే పోతుంది. నేను మొదటి ఏడాది ఒక పొద్దంతా అలాగే తీసి ఇంటికొచ్చి చూస్తే అన్నింట్లోనూ అడుగు రాళ్లే. స్క్రీన్ చూస్తూ నెమ్మదిగా తిప్పండి, రంగు చిక్కబడిన చోట ఆపండి.

ఫోకస్ ఫిల్టర్ పెట్టకముందే రాయి మీద చేసి మాన్యువల్‌లోకి మార్చేయాలి. రెండు సెకన్ల టైమర్, రా ఫైలు (కెమెరా మార్పులు చేయని అసలు ఫైలు), లెన్స్ స్టెబిలైజర్ (చేతి వణుకు సరిచేసేది) ఆఫ్. వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ సరిచేసే సెట్టింగ్) ఆటోలో వదలకండి, డేలైట్‌లో పెట్టండి, లేకపోతే నీడలో ఉండే ఆ నీలాన్ని కెమెరా తుడిచేస్తుంది. రెల్లు పూల తెలుపులో వివరాలు తొందరగా చెరిగిపోతాయి కాబట్టి హిస్టోగ్రామ్ (వెలుగు నీడల గ్రాఫ్) చూసుకుని వెలుతురు కొంచెం తగ్గించే తీయండి. ఫోన్ అయితే ప్రో మోడ్‌లో షట్టర్ మార్చుకోవచ్చు, ఐఫోన్‌లో లైవ్ ఫొటో తీసి తర్వాత లాంగ్ ఎక్స్‌పోజర్ ఎంచుకోవచ్చు, కానీ రెండింటికీ స్టాండ్ ఉండాల్సిందే.

చెకాగుడ వేలాడే వంతెన మీద ట్రైపాడ్ పెట్టకండి, ఒక్క మనిషి నడిచినా వంతెన ఊగుతుంది, కిందికి దిగి ఒడ్డు మీదే పెట్టండి. ఇసుకలో అయితే కాళ్లు గట్టిగా నొక్కి పాతండి. రాళ్ల మీద పాకుడు ఉంటుంది, చెప్పులతో వెళ్లొద్దు. పైన కొండల్లో వాన పడిన రోజు అసలు దిగొద్దు, ఇక్కడ ఎండ కాస్తున్నా నీళ్లు ఉన్నట్టుండి పెరుగుతాయి.

ఎర్ర రంగు కావాలంటే మాత్రం మాఘం, ఫాల్గుణం దాకా ఆగాలి, అప్పుడు మోదుగలు పూస్తాయి, పద్ధతి ఇదే.

కార్తీక పౌర్ణమి తెల్లవారుజాము మాత్రం వదులుకోకండి. ఒడియా వాళ్లు తమ పడవల పండగ బొయిత బందాణకి అరటి దొప్పలతో చేసిన పడవలు వదులుతారు, మన ఆడవాళ్లు దీపాలు వదులుతారు, పోలి పాడ్యమికి మళ్లీ ఇంకోసారి. చీకటి విడవకముందు ఐఎస్ఓ 400లో రెండు సెకన్లు తెరిస్తే ఒక్కో దీపం కింద నీళ్లలో బంగారు తీగ సాగినట్టు వస్తుంది, పది సెకన్లయితే తీగలన్నీ చిక్కుపడతాయి. ఫ్లాష్ వేయకండి, ముందే ఒక మాట అడగండి, దీపం వదిలాక వాళ్లు దండం పెట్టుకుని లేచే వరకు ఆగి అప్పుడు నొక్కండి, ఈలోగా దీపం కూడా కాస్త దూరం జరిగి ఫ్రేములోకి వస్తుంది.