తువ్వాలుకు ముక్క వాసన వస్తోందా? వాషింగ్ మెషీన్‌ను శుభ్రం చేసుకునే పద్ధతి

ఉతికి ఆరవేసిన తువ్వాలు మడత పెట్టినప్పుడు ఏ వాసనా లేకుండా ఉండి, తడి మొహం తుడుచుకోగానే గుప్పున ముక్క వాసన కొడితే, తప్పు తువ్వాలుది కాకపోవచ్చు. దానిని ఉతికిన మెషీన్‌ను ఒకసారి పరిశీలించాలి. శ్రీకాకుళం, విజయనగరం వంటి సముద్రతీర జిల్లాలలో జూన్‌లో మొదలైన వానలు తుపానుల కాలం ముగిసేదాకా గాలిలో చెమ్మను నిలిపే ఉంచుతాయి కనుక, ఒక ఉతుకుకూ మరొక ఉతుకుకూ మధ్య మెషీన్ లోపలి భాగాలు పూర్తిగా ఆరే వీలుండదు. దీనికి బోరు నీరు తోడవుతుంది. ఉప్పదనం ఎక్కువగా ఉన్న నీటిలో నురుగు సరిగా రాదు. నురుగు రాలేదని మనం మరో రెండు చెంచాల సర్ఫు వేస్తాము. అది పూర్తిగా కరగక, చన్నీళ్లలో కొట్టుకుపోక, బట్టల మురికితోనూ నూగుతోనూ కలిసి మనకు కనిపించే డ్రమ్ముకు వెనుక ఉండే బయటి తొట్టి గోడలకు జిడ్డుగా పేరుకుంటుంది. ఆ జిడ్డును తింటూ పెరిగే సూక్ష్మజీవులే వాసనకు మూలం. వాసన పోగొట్టాలని సువాసన ద్రవాన్ని ఎక్కువగా పోయడం ఆ జిడ్డుకు మరొక పొర చేర్చడమే అవుతుంది.

శుభ్రం చేయడం మొదలుపెట్టే ముందు వాసన ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుసుకోవడం మంచిది. రాత్రంతా తలుపు మూసి ఉంచి, ఉదయం తెరవగానే డ్రమ్ము దగ్గర, సర్ఫు వేసే అర దగ్గర, నీరు బయటికి పోయే పైపు దగ్గర విడివిడిగా వాసన చూడాలి. ముక్క వాసన అయితే రబ్బరు మడతలలోనో, తొట్టిలోనో పాచి ఉన్నట్టు. మురుగు వాసన అయితే సాధారణంగా దోషం పైపుది. కాలిన రబ్బరు వాసన వస్తే మాత్రం అది శుభ్రతకు సంబంధించిన విషయం కాదు. వెంటనే స్విచ్ ఆపి మెకానిక్‌ను పిలవాలి.

ముందు తలుపు ఉండే ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో అన్నిటికన్నా ముందు చూడవలసినది తలుపు చుట్టూ ఉండే బూడిదరంగు రబ్బరు. దాని అడుగు మడతను వేళ్లతో విప్పి చూస్తే, నల్లని మచ్చలతో పాటు వెంట్రుకలు, నూగు, ఒక్కోసారి ఎప్పుడో పోయిందనుకున్న రూపాయి బిళ్ల కూడా కనిపిస్తాయి. సర్ఫు కలిపిన వేడి నీటిలో పాత గుడ్డ ముంచి మడత లోపలంతా తుడిచి, కుట్టు సందుల వంటి చోట్ల పాత పళ్ల బ్రష్‌తో రుద్దాలి. రబ్బరు అడుగున నీరు దిగిపోయేందుకు ఉండే చిన్న రంధ్రాలు నూగుతో మూసుకుపోకుండా చూడాలి. సర్ఫు వేసే అరను పూర్తిగా బయటికి లాగి కడగడంతో సరిపెట్టకుండా, అది కూర్చునే గూడు పైభాగాన్ని కూడా తుడవాలి. అక్కడ పట్టిన పాచి చాలామంది కంటికి ఆనదు.

తరువాతి పని డ్రెయిన్ ఫిల్టర్. ఇది చాలా ఫ్రంట్ లోడ్ మెషీన్లలో ముందువైపు కింద మూలన, చిన్న మూత వెనుక ఉంటుంది. ప్లగ్గు తీసి, లోపలి నీరు చల్లారిందని నిర్ధారించుకుని, మూత కింద పళ్లెం పెట్టి గుడ్డ పరవాలి. పక్కన సన్నని పైపు ఉంటే దాని బిరడా తీసి ముందుగా నీటిని పళ్లెంలోకి వంపాలి. ఆ తరువాతే ఫిల్టర్‌ను మెల్లగా ఎడమవైపు తిప్పాలి. ఒక్కసారిగా తిప్పితే గది నిండా నీళ్లే. బయటికి వచ్చే నల్లని బురద వాసన చూశాక, ఇన్నాళ్లూ బట్టలు ఇక్కడి నుంచా వచ్చాయి అనిపించడం సహజం. ఫిల్టర్‌ను కుళాయి కింద కడిగి, గూడులోపల పిన్నులు, దారాలు లేకుండా చూసి, గట్టిగా బిగించాలి.

ఈ రెండు పనులూ అయ్యాకే వేడి నీటి ఉతుకు పెట్టాలి. వరుస మారితే, వేడికి ఊడిన పాచి అంతా అప్పటికే సగం మూసుకుపోయిన ఫిల్టర్‌లో చేరి నీరు బయటికి పోదు. బట్టలు లేకుండా, టబ్ క్లీన్ అనే ఏర్పాటు ఉంటే దానిని, లేకపోతే 60 డిగ్రీలు లేదా అంతకంటే ఎక్కువ వేడితో నడిచే పొడవాటి ఉతుకును ఎంచుకోవాలి. జిడ్డునూ పాచినీ వదిలించడానికి సోడియం పెర్‌కార్బనేట్ పొడి, అంటే ఆక్సిజన్ బ్లీచ్, సుమారు 100 గ్రాములు డ్రమ్ములోనే వేస్తే చక్కగా పనిచేస్తుంది. బోరు నీటి వల్ల తెల్లని ఉప్పు పొర కట్టిన ఇళ్లలో, మరొక రోజు 100 గ్రాముల నిమ్మ ఉప్పుతో విడిగా ఇంకొక ఉతుకు పెట్టాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బ్లీచింగ్ పౌడర్‌ను గానీ, క్లోరిన్ ఉన్న బ్లీచ్ ద్రవాన్ని గానీ నిమ్మ ఉప్పుతోనూ వెనిగర్‌తోనూ ఎన్నడూ కలపరాదు. వాటి కలయిక నుంచి వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులకు ప్రమాదకరం. ఇక వంటసోడానూ వెనిగర్‌నూ కలిపి పోయమని చెప్పే చిట్కాలో ప్రమాదమేమీ లేదు, ప్రయోజనమూ లేదు. రెండూ పొంగి ఒకదాని బలాన్ని మరొకటి తీసేస్తాయి. పొంగు చూడడానికి బాగుంటుంది, అంతే.

పైనుంచి బట్టలు వేసే టాప్ లోడ్ మెషీన్లలో చాలావాటికి హీటరు ఉండదు. అందువల్ల నీటిని విడిగా కాచుకోవాలి. బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టి కాచేవారు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, రాడ్‌ను బయటికి తీశాకే నీటిని ముట్టుకోవాలి. మరుగుతున్న నీరు లోపలి ప్లాస్టిక్‌కు మంచిది కాదు కనుక, చేయి పెట్టలేనంత వేడి చాలు. పెర్‌కార్బనేట్ వేసి, ఐదు నిమిషాలు తిప్పి, ఆపి, గంటసేపు నాననిచ్చి మళ్లీ నడపాలి. నీటిపైకి తేలే నల్లని పెచ్చులను జల్లెడతో తీసేసి, పెచ్చులు రావడం ఆగేదాకా ఖాళీగా జాడించాలి. లోపల నూగు పట్టే వల సంచిని తిరగేసి ఉతకడం మరచిపోకూడదు. సెమీ ఆటోమేటిక్ మెషీన్‌లో ముడతల పైపులోనే నీరు నిలిచి కుళ్లుతుంది. పని అయ్యాక పైపును నేలకు దించి చివరి చుక్క దాకా వంపితే సగం బెడద తీరుతుంది.

పైపు నుంచి మురుగు వాసన వస్తున్నప్పుడు మెషీన్‌ను ఎన్నిసార్లు కడిగినా ఫలితం ఉండదు. పైపును మురుగు గొట్టంలోకి లోతుగా దూర్చి, చుట్టూ గుడ్డలు కుక్కి మూసిన ఇళ్లు చాలా ఉన్నాయి. పైపు చివర మురుగు నీటిలో మునగకుండా, చుట్టూ కొంత గాలి ఆడేలా ఉంచి, మురుగు గొట్టానికి నీరు నిలిచే వంపు ఉందో లేదో ప్లంబర్‌తో చూపించుకోవాలి.

మన ప్రాంతంలో కనిపించే మరొక కారణం గంజి. పొందూరు ఖద్దరు పంచెలకూ నేత చీరలకూ గంజి పెట్టే అలవాటు మంచిదే కానీ, శ్రమ తగ్గుతుందని ఆ గంజిని మెషీన్‌లో పోస్తే తొట్టి వెనుక మిగిలినది మర్నాటికే పులుస్తుంది. గంజిని బకెట్‌లో చేతితోనే పెట్టాలి. గంజి బట్టలను తిరిగి ఉతికేటప్పుడు కూడా ముందుగా ఒకసారి నీటిలో జాడించి మెషీన్‌లో వేయడం మేలు.

విద్యుత్తు పోయినప్పుడు ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను తరువాత ఉద్దానం గ్రామాలలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి సమయంలో ఉతుకు మధ్యలో ఆగిపోయిన మెషీన్‌లో బట్టలు నానుతూ ఉంటే, ఆ వాసన వదలడం చాలా కష్టం. ప్లగ్గు తీసి, ఫిల్టర్ దగ్గరి సన్నని పైపు ద్వారా నీటిని వంపి, తలుపు తెరుచుకున్నాక బట్టలు తీసి చేతితో పిండి ఆరవేయాలి. తుపాను హెచ్చరిక ఉన్న రోజున అసలు మెషీన్ వేయకపోవడమే ఉత్తమం.

ఇంత చేసిన తరువాత పాత వాసన తిరిగి రాకుండా ఉండాలంటే, సర్ఫును ప్యాకెట్ మీది కొలతకు మించి వేయకుండా, ఉతుకు పూర్తి కాగానే బట్టలు తీసి, రబ్బరు మడతను పొడిగుడ్డతో తుడిచి, తలుపునూ సర్ఫు అరనూ తెరిచి ఉంచాలి. పసిపిల్లలు ఉన్న ఇంట్లో తలుపు తెరిచి ఉంచేటప్పుడు వారు డ్రమ్ములోకి ఎక్కకుండా ఆ గది తలుపు మూయాలి. వానాకాలంలో ఖాళీ వేడి ఉతుకు నెలకొకసారి, ఎండాకాలంలో రెండు నెలలకొకసారి సరిపోతుంది.

మెషీన్ శుభ్రపడినా తువ్వాళ్లకు వాసన మిగిలితే, వాటిని పెర్‌కార్బనేట్ కలిపిన వేడి నీటిలో రెండు గంటలు నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరవేయాలి. పట్టు, ఉన్ని బట్టలకు ఈ పద్ధతి పనికిరాదు. రెండుసార్లు ఇలా చేసినా టాప్ లోడ్ మెషీన్ నుంచి వాసన పోకపోతే, డ్రమ్ము అడుగున తిరిగే పళ్లేన్ని మెకానిక్ చేత విప్పించి, దాని కింద పేరుకున్న పెచ్చును గీకించాలి.