సింపుల్ పాస్ట్ వాడాలా, ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడాలా? మా తమ్ముడికి పనికొచ్చిన పద్ధతి

మా తమ్ముడు ఇంటర్వ్యూలకు తయారవుతుంటే ఇంగ్లిష్‌లో ఒక్కచోటే ఆగిపోయేవాడు. ‘ఐ హావ్ మెట్ హిమ్ యెస్టర్‌డే’, ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019’ అని తప్పుగా అనేసేవాడు. పన్నెండు టెన్సుల పట్టిక బట్టీ పట్టడం, యాప్‌లు, వీడియోలు ఏవీ పనిచేయలేదు.

చివరికి పనిచేసింది ఇది. క్రియ జోలికి వెళ్లకుండా ముందు వాక్యంలో కాలం చెప్పే మాట కింద గీత గీయించాను. ఆ సమయం అయిపోయిందా అని అడిగాను. యెస్టర్‌డే, లాస్ట్ వీక్, ఇన్ 2019, టూ డేస్ అగో: ఇవన్నీ అయిపోయినవే. కాబట్టి సింపుల్ పాస్ట్: ‘ఐ మెట్ హిమ్ యెస్టర్‌డే’. కాలం మాట లేకుండా, కలిశానన్న సంగతి మాత్రమే ముఖ్యమైతే ప్రెజెంట్ పర్ఫెక్ట్: ‘ఐ హావ్ మెట్ హిమ్’.

అసలు చిక్కు ‘నుంచి’ దగ్గర. ‘2019 నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను’ అని మనం వర్తమానంలోనే చెబుతాం, అందుకే ‘యామ్ వర్కింగ్’ నోటికొస్తుంది. అప్పుడు మొదలై ఇంకా సాగుతున్న పనికి ఇంగ్లిష్‌లో హావ్ ఉండాలి: ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019’. ఇలాంటి వాక్యాలు రోజూ కొన్ని పైకి చదివించాను. నాకైతే అన్నిటికంటే ఈ పైకి చదవడమే ముఖ్యమనిపించింది.

అందరికీ ఇలాగే కుదురుతుందని చెప్పలేను. అమెరికన్లు ‘ఐ హావ్ ఆల్రెడీ ఈటెన్’ బదులు ‘ఐ ఆల్రెడీ ఏట్’ అని కూడా అంటారు, అది తప్పు కాదు. పాస్ట్ పర్ఫెక్ట్‌కి (‘ఐ హాడ్ మెట్ హిమ్’ లాంటివాటికి) మాత్రం ‘ఆ సమయం అయిపోయిందా’ అన్న ప్రశ్న చాలదు, దానికి వేరే సాధన కావాలి.