వెంట్, గాన్ నాకు ఎట్టా లొంగాయంటే

మాది కావలి. డిగ్రీ దాకా తెలుగు మీడియమే, ఒంగోల్లో ఒక ఇంటర్వ్యూలో 'ఐ హ్యావ్ వెంట్' అన్నా, అక్కడే ఆపి 'ఐ హ్యావ్ గాన్' అనాలని సరిదిద్దారు, ఇంటికొచ్చేదాకా ఆ మాటే చెవిలో తిరిగింది. ఇంగ్లీషు క్రియల మూడు రూపాల టేబుల్, అదే వి1, వి2, వి3 (గో, వెంట్, గాన్ లాగా), స్కూల్లోనే బట్టీ కొట్టా గానీ ఏది ఎక్కడ వాడాలో మాత్రం ఎక్కలా.

నాకు దారి చూపింది మన తెలుగే. 'రా' అంటాం, నిన్నటిది చెప్పాలంటే 'వచ్చాడు' అంటాం, రెండిటికీ పోలికే లేదు కదా, గో-వెంట్ కూడా అంతే, వెంట్ అసలు 'వెండ్' అనే వేరే క్రియది.

తర్వాత ఏ బీ సీ వరస మానేసి శబ్దాన్ని బట్టి గుంపులు కట్టుకున్నా: కట్, పుట్, హిట్ మూడు చోట్లా మారవు, బ్రింగ్, థింక్, బయ్ అయితే బ్రాట్, థాట్, బాట్, రెండు మూడు ఒకటే. డ్రింక్-డ్రాంక్-డ్రంక్, స్విమ్-స్వామ్-స్వమ్ లాంటివే కష్టం, మూడూ వేరు, వీటినే రోజూ బస్సులో పైకి చదివా.

ఇంకోటి, వి2 ఒంటరిగా నిలబడుద్ది, వి3కి ముందు హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ గానీ ఈజ్, వాజ్ లాంటిది గానీ తోడుండాలి. డిడ్ వస్తే మాత్రం వి1కే పోవాలి, 'డిడ్ యూ గో'. నాకు ఇది అలవాటయ్యేదానికి రెండు నెలలు పట్టింది.